న్యాయమూర్తుల బదిలీ: జిల్లా కోర్టులో మామూలు విషయం, హైకోర్టులో వివాదం ఎందుకవుతోంది?

ప్రశ్న: పెన్నా ఒడ్డు రైతు (నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. మా పొలం సరిహద్దు విషయమై వేసిన దావా ఒకటి మా జిల్లాలోని ఒక కోర్టులో చాలాకాలంగా నడుస్తోంది. సాక్ష్యాలు ముగిసి, ఇరుపక్షాల వాదనలు పూర్తయి, తీర్పు కోసం వాయిదా పడిన దశలో వేసవి సెలవుల ముందటి బదిలీలలో జడ్జిగారు వేరే జిల్లాకు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవారి ముందు వాదనలు మళ్లీ మొదటినుంచి వినిపించాలని మా ప్లీడరుగారు చెబుతున్నారు.

ఇంత ఇబ్బంది కలిగినా ఆ బదిలీని మా ఊళ్లో ఎవరూ శిక్ష అనలేదు, రాజకీయం అనలేదు. 2022 నవంబరులో జస్టిస్ బట్టు దేవానంద్ గారిని మద్రాసు హైకోర్టుకు, జస్టిస్ డి. రమేశ్ గారిని అలహాబాదు హైకోర్టుకు పంపాలని సుప్రీంకోర్టు సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియం సిఫారసు చేసినప్పుడు మాత్రం అమరావతిలో న్యాయవాదులు విధులు బహిష్కరించి ఆందోళన చేశారు. జిల్లా జడ్జి మూడేళ్లకోసారి పెట్టె సర్దుకోవడం మామూలు విషయమైనప్పుడు, హైకోర్టు న్యాయమూర్తి వేరే రాష్ట్రానికి వెళ్తే న్యాయవ్యవస్థ స్వతంత్రతకు ముప్పు అని ఎందుకంటారు? వెళ్లే న్యాయమూర్తి సమ్మతి తీసుకోవాలా? బదిలీ నచ్చకపోతే కోర్టులో సవాలు చేయవచ్చా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు: సింహపురి న్యాయవాది (నెల్లూరు)

రైతుగారూ, రాజ్యాంగంలోని 222వ అధికరణ ప్రకారం భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించిన మీదట రాష్ట్రపతి ఒక హైకోర్టు న్యాయమూర్తిని మరొక హైకోర్టుకు బదిలీ చేయవచ్చు. ఎంతకాలానికి, ఏ కారణంతో, ఎవరిని అన్నవి అందులో లేవు. ఆ తరువాత వచ్చిన వివాదాలన్నీ ఆ ఖాళీలోంచి పుట్టినవే. న్యాయమూర్తి సమ్మతి కావాలని కూడా అధికరణ చెప్పదు. అయినా మొదటి ఇరవై అయిదేళ్లకు పైగా సమ్మతితోనే బదిలీ చేయడం ఆనవాయితీగా సాగింది.

ఆ ఆనవాయితీ ఎమర్జెన్సీలో తెగిపోయింది. 1976లో ఒకే విడతలో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను వారి ఇష్టాయిష్టాలతో పని లేకుండా ఇతర రాష్ట్రాలకు పంపారు. మన తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయమేమిటంటే, వారిలో గుజరాత్ హైకోర్టుకు చెందిన జస్టిస్ సంకల్‌చంద్ షేఠ్‌ను పంపింది అప్పట్లో హైదరాబాదులో ఉన్న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకే. ఆయన ఉత్తర్వును పాటించి వచ్చి ఇక్కడ చేరారు. చేరిన తరువాతనే ఆ ఉత్తర్వు చెల్లదని గుజరాత్ హైకోర్టులో రిట్ వేశారు. ఆ పద్ధతి నాకు ఎంతో హుందాగా కనిపిస్తుంది. 1977లో అయిదుగురు సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పులో సమ్మతి తప్పనిసరి కాదన్నది, అయితే బదిలీ ప్రజాప్రయోజనం కోసమే జరగాలని, ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపు పేరుకు మాత్రమే కాక నిజంగా జరగాలని షరతు పెట్టింది. జస్టిస్ భగవతి, జస్టిస్ ఉంట్వాలియా మాత్రం సమ్మతి లేని బదిలీ కుదరదని వేరుగా అభిప్రాయపడ్డారు. ఈలోగా ఢిల్లీలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ బదిలీకి తగిన కారణం కనిపించలేదని, షేఠ్‌ను తిరిగి గుజరాత్‌కు పంపుతామని కోర్టుకు చెప్పింది. కారణమే లేని బదిలీ ఒక ప్రభుత్వం చేతిలో ఎలా జరిగిపోగలదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రభుత్వానికే పైచేయి ఇచ్చింది. 1993లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దానిని తిరగరాసి బదిలీలలో భారత ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానిదే తుది మాట అన్నది. 1998లో ఆ అభిప్రాయం ఒక్కరిది కారాదని, ప్రధాన న్యాయమూర్తితోపాటు నలుగురు అత్యంత సీనియర్ న్యాయమూర్తులు కలిసి నిర్ణయించాలని, న్యాయమూర్తి విడిచివెళ్లే హైకోర్టు, చేరబోయే హైకోర్టు రెండింటి ప్రధాన న్యాయమూర్తుల అభిప్రాయం కూడా తీసుకోవాలని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మీ రెండు ప్రశ్నలకు నేటి చట్ట ప్రకారం జవాబు ఇది: సమ్మతి అక్కరలేదు, సవాలు చేయాలంటే ఈ సంప్రదింపు జరగలేదన్న కారణం మీద తప్ప దాదాపు దారి లేదు.

ఇక అసలు ప్రశ్న. జిల్లా జడ్జి ఎవరైనా గడువు పూర్తికాగానే కదులుతారు. తీర్పు ఎవరికి అనుకూలంగా ఇచ్చినా, ఎవరి ఆగ్రహానికి గురైనా, ఆ క్యాలెండరు మారదు. హైకోర్టులో అటువంటి క్యాలెండరు లేదు. ఒకరు పదవీ విరమణ దాకా ఒకేచోట ఉంటారు, ఇంకొకరికి హఠాత్తుగా ఉత్తర్వు వస్తుంది. అందరికీ వర్తించే గడువు లేని చోట, ఈయననే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు చెప్పేవారు లేకపోతే జనం తమకు తోచిన జవాబు చెప్పుకుంటారు. 2020 ఫిబ్రవరి 26న ఢిల్లీ అల్లర్ల కేసులో పోలీసులను గట్టిగా నిలదీసిన ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ మురళీధర్‌ను పంజాబ్-హర్యానా హైకోర్టుకు బదిలీ చేస్తూ అదే రాత్రి నోటిఫికేషన్ వచ్చింది. కొలీజియం సిఫారసు అంతకు ముందే, ఫిబ్రవరి 12నే, జరిగిందన్నది నిజం. అయినా సిఫారసును ఏ రోజున అమలు చేయాలో ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ఆ వివరణ ఎవరినీ తృప్తిపరచదు.

జవాబు: పాత శిరస్తాదారు (ఒంగోలు)

న్యాయవాదిగారు పైకోర్టు సంగతి చెప్పారు. జిల్లా కోర్టుల బదిలీ శిక్షగా మారకపోవడానికి మరొక కారణం కూడా ఉంది. 235వ అధికరణ జిల్లా కోర్టుల మీద అదుపును హైకోర్టుకు ఇచ్చింది. జిల్లా జడ్జిని ఎక్కడికి బదిలీ చేయాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమా, హైకోర్టా అన్న వివాదం అస్సాం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, 1966లో రంగ మహమ్మద్ కేసులో, ఆ అధికారం హైకోర్టుదేనని తేలిపోయింది. కలెక్టరును, ఎస్పీని మార్చినట్టు జడ్జిని సచివాలయం మార్చలేదు. ఒంగోలులోనో మార్కాపురంలోనో ఉన్న జడ్జి స్థానిక ప్రజాప్రతినిధికి నచ్చని ఉత్తర్వు ఇచ్చి కూడా నిశ్చింతగా మరునాడు బెంచి ఎక్కగలుగుతున్నారంటే ఈ ఏర్పాటే కారణం. సొంత ఊరున్న చోట సాధారణంగా వేయకపోవడం, బంధువర్గం ఏర్పడకముందే కదిలించడం కూడా కక్షిదారుల మేలు కోసమే.

రైతుగారూ, మీ దావా విషయానికి వస్తాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 15వ రూలు ప్రకారం ముందటి జడ్జి నమోదు చేసిన సాక్ష్యం అలాగే చెల్లుతుంది. సాక్షులను మళ్లీ పిలవనక్కరలేదు. తీర్పు రాసి సంతకం చేయకుండా వెళ్లిపోతే మాత్రం వాదనలు మళ్లీ వినక తప్పదు, ఎందుకంటే విన్నవారే తీర్పు చెప్పాలి. 1958లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే గట్టిగా చెప్పింది. అది కృష్ణా జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణకు సంబంధించిన వివాదం. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి, కాబట్టి ఆ విచారణ చెల్లదన్నారు. ఒకవేళ మీ జడ్జిగారు తీర్పు రాసి ఉంచి, చదవకుండా వెళ్లి ఉంటే, 20వ ఆర్డరు 2వ రూలు ప్రకారం కొత్తవారు దానిని చదివి వినిపించాలి. ఈ సంగతి బెంచి క్లర్కును అడిగి తెలుసుకోండి. రాయలేదని తేలితే, మీ ప్లీడరుగారిచేత రాతపూర్వక వాదనలు దాఖలు చేయించండి. మౌఖిక వాదన ఒక్క వాయిదాలో ముగుస్తుంది, ఈ కొత్త జడ్జిగారికి కూడా బదిలీ వచ్చినా ఆ కాగితం ఫైలులోనే ఉంటుంది.

జవాబు: మరో కోణం (కావలి)

పైన రాసిన పెద్దల మీద గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. హైకోర్టు న్యాయమూర్తిని కదిలించకూడదనే వాదన వెనుక స్థానిక న్యాయవాదుల సౌకర్యం కూడా కొంత దాగి ఉంటుంది. ఇరవై ఏళ్లు ప్రాక్టీసు చేసిన కోర్టులోనే న్యాయమూర్తి కావడం, అదే బార్‌లో, అంటే అక్కడి న్యాయవాదుల వర్గంలో, తమ్ముళ్లు, మేనల్లుళ్లు, పాత జూనియర్లు వాదిస్తూ ఉండడం ఎంతవరకు మంచిది? లా కమిషన్ 2009లో ఇచ్చిన 230వ నివేదికలో ఈ బంధుత్వాల బెడదను ప్రస్తావించింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బయటి రాష్ట్రంవారై ఉండాలన్న పద్ధతిని ఇప్పుడు ఎవరూ ప్రశ్నించడం లేదు కదా.

చిన్న కోర్టుకు పంపితే అవమానమని తొందరపడి తేల్చడం కూడా సరికాదు. మన రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ జె.కె. మాహేశ్వరిని 2020 చివరలో సిక్కింకు బదిలీ చేసినప్పుడు, 37 మంది న్యాయమూర్తుల పదవులున్న కోర్టునుంచి 3 పదవులున్న కోర్టుకు పంపారని చాలామంది బాధపడ్డారు. ఏడాది తిరగకముందే ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. దేవానంద్ గారు కూడా 2025లో తిరిగి మన హైకోర్టుకే వచ్చారు. ఉత్తర్వు వచ్చిన నాడే కోర్టు విధులు బహిష్కరించడం వల్ల నష్టపోయేది వాయిదా కోసం తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన కక్షిదారే.

పెన్నా ఒడ్డు రైతు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. బెంచి క్లర్కును రేపే అడుగుతాను. కావలివారు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. అయితే ఒక్క సందేహం మిగిలింది: ఇప్పుడు నిర్ణయం కొలీజియందే అయినప్పుడు ప్రభుత్వ ప్రమేయం పూర్తిగా పోయినట్టేనా?

జవాబు: సింహపురి న్యాయవాది (నెల్లూరు)

పోలేదు. 2025 అక్టోబరులో జరిగినది చూడండి. మధ్యప్రదేశ్ హైకోర్టుకు చెందిన జస్టిస్ అతుల్ శ్రీధరన్‌ను ఛత్తీస్‌గఢ్‌కు పంపాలని కొలీజియం మొదట సిఫారసు చేసి, తరువాత దానిని అలహాబాదుకు మార్చింది. ప్రభుత్వం పునఃపరిశీలన కోరినందువల్ల మార్చామని కొలీజియం ప్రకటనలోనే రాశారు. ఛత్తీస్‌గఢ్‌లో అయితే ఆయన సీనియారిటీలో పై వరుసలో ఉండి కొత్త న్యాయమూర్తుల పేర్లు సూచించే ఆ హైకోర్టు సొంత కొలీజియంలో కూర్చునేవారు; అలహాబాదులో ఆ స్థానం దక్కలేదు. అదే ఏడాది మే నెలలో ఒక రాష్ట్ర మంత్రి మీద కేసు నమోదు చేయాలని తమంతట తాముగా ఆదేశించిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది ఆయనే. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనను, లేదని చెప్పగలిగేవారు కూడా బయట ఎవరూ లేరు.

కావలి మిత్రులు చెప్పిన బంధుత్వాల బెడద నిజమే, దానికి బదిలీ మంచి మందే కావచ్చు. అయితే ఆ మందు అందరికీ ఒకే లెక్కన వేయాలి: ఒకే బార్‌లో దగ్గరి బంధువులు వాదిస్తున్న ప్రతి న్యాయమూర్తినీ కదిలిస్తామని రాతపూర్వకంగా చెప్పి, అలాగే చేస్తే నాకు అభ్యంతరం లేదు. 2017 అక్టోబరు నుంచి కొలీజియం తీర్మానాలను వెబ్‌సైటులో పెడుతున్నారు, మంచిదే. బదిలీ తీర్మానాలలో చాలావాటిలో మాత్రం మెరుగైన న్యాయపాలన కోసం అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ప్రతిపాదన మొదట ఎవరినుంచి వచ్చింది, ఇరు హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తులు ఏమన్నారు, వెళ్లే న్యాయమూర్తి ఏ అభ్యంతరం చెప్పారు, ప్రభుత్వం పునఃపరిశీలన కోరితే ఏ కారణం చూపింది అన్న నాలుగు సంగతులు అదే తీర్మానంలో రాయడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, పార్లమెంటు చట్టం కూడా అక్కరలేదు.