సొంత సైన్యం వాడని రైఫిల్‌ని బయటి సైన్యం నమ్మి కొనొచ్చా?

ముడిసరుకు:
కొన్ని రైఫిళ్లు పుట్టడమే బయటి దేశాలకు అమ్మడానికి పుడతాయి. రష్యా ఏకే-101 చూడండి. అందులో పడేది నాటో వాళ్ల 5.56 ఎంఎం తూటా. రష్యా సైన్యం వాడేది 5.45. అంటే తయారుచేసిన దేశపు సైనికుడి దగ్గర ఆ తుపాకీకి సరిపోయే తూటా కూడా ఉండదు. చైనా క్యూబీజెడ్-97 కూడా అంతే. సొంత సైన్యానికి 5.8 ఎంఎంలో క్యూబీజెడ్-95, అమ్మకానికి 5.56లో 97. జర్మన్ హెచ్‌కే33ని మలేషియా, థాయిలాండ్, టర్కీ తీసుకున్నాయి కానీ పశ్చిమ జర్మనీ సైన్యం మాత్రం తన జీ3 రైఫిల్‌ని వదల్లేదు.

నా మాట సూటిగా చెప్తాను. ఇలాంటివి కొనకూడదు. తయారుచేసిన దేశపు సైన్యమే లక్షల్లో వాడుతుంటే, బురదలో ఏది ఇరుక్కుంది, చలిలో ఏది విరిగింది అనే ఫిర్యాదులు ఫ్యాక్టరీకి వస్తూనే ఉంటాయి. అడిగేది సొంత ప్రభుత్వం కాబట్టి వినక తప్పదు. అదే పరాయి దేశం అడిగితే? డబ్బులు ముట్టాక ఫోన్ ఎత్తుతారని గ్యారంటీ ఏంటి?

బిగుతుబోల్టు:
ముడిసరుకు గారూ, ఏకే-101, 103 లాంటివి ఉన్న ఏకే-100 వరుసని మీ వాదనకి తెచ్చుకోవడం కుదరదండి. 1990లలో సొంత సైన్యం నుంచి ఆర్డర్లు ఎండిపోయాక రష్యా ఫ్యాక్టరీ బయటి మార్కెట్ కోసం చేసిన వరుస అది. కానీ దానికి మూలం రష్యా సైన్యం వాడే ఏకే-74ఎం. తూటా మారింది కాబట్టి బారెల్, బోల్ట్, మ్యాగజైన్ మారాయి. మిగతాది దాదాపు అదే. 74ఎం మీద వచ్చిన ఫిర్యాదు 101కీ 103కీ పనికొస్తుంది. ఏకే-203 కూడా ఇలాంటిదే. రష్యా సైన్యం ప్రధానంగా 5.45 ఏకే-12 వైపు వెళ్లినా, భారత్ 2021లో 6 లక్షలకు పైగా 203లకి ఒప్పందం చేసుకుంది, అదీ అమేఠీ జిల్లా కోర్వాలో తయారయ్యేలా.

ఇంకో మాట. సొంత సైన్యం వాడడమే గొప్ప పరీక్ష అయితే ఫాల్ రైఫిల్ సంగతి ఏంటి? బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ చేసిన ఫాల్‌ని బెల్జియం సైన్యం వాడింది. తొంభైకి పైగా దేశాలు కొన్నాయి. తీరా 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ సైనికులు ఇసుకలో అది మొరాయిస్తోందని తలలు పట్టుకున్నారు. బెల్జియంలో ఎడారి ఎక్కడుంది? అక్కడి సైన్యం ఇరవై ఏళ్లు వాడినా ఆ లోపం బయటపడదు.

ముడిసరుకు:
ఎడారి లేదు, నిజమే. కానీ ఇసుక సమస్యకి ఫాల్‌లో మందు దొరికింది కదా. ఫాల్‌నే మార్చుకున్న బ్రిటిష్ వాళ్ల ఎల్1ఏ1లో బోల్ట్ క్యారియర్ (బోల్ట్‌ని ముందుకీ వెనక్కీ నడిపే భాగం) మీద ఇసుక పక్కకి పోయేలా గాట్లు పెట్టారు. పెద్ద సైన్యం వెనక ఉంటే జరిగేది అదే. నేను చెప్పేదీ అదే.

బిగుతుబోల్టు:
ఆ గాట్లు పెట్టింది ఎవరండీ? కొన్నవాళ్లు! ఫాల్‌ బెల్జియం వాళ్లది. బ్రిటన్ తన ఫ్యాక్టరీల్లో తన డ్రాయింగులతో చేసుకుంది కాబట్టి తనకి కావలసినట్టు మార్చుకోగలిగింది. మీ ఉదాహరణ నా వైపు సాక్ష్యం చెప్తోంది :)

పాతరేకు:
ఇద్దరూ గెలిచిన రైఫిళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఓడిపోయిన దాని గురించి చెప్పకపోతే ఈ చర్చకి అర్థం లేదు. ఏఆర్-18 అన్నమాట.

ఆర్మలైట్ కంపెనీ 1959లో ఏఆర్-15 హక్కుల్ని కోల్ట్‌కి అమ్మేసింది. అదే తర్వాత ఎం16 అయ్యింది. అల్యూమినియం ఫోర్జింగులు (ఒత్తిడితో మలిచిన భాగాలు), ఖరీదైన మెషీన్లు లేకుండా ఏఆర్-15 తయారవదు. కాబట్టి చిన్న దేశాల కోసం ఆర్మలైట్ డిజైనర్ ఆర్థర్ మిల్లర్ చేతుల మీదుగా ఏఆర్-18 తయారైంది. స్టీలు రేకుని ప్రెస్‌లో ఒత్తి, వెల్డింగ్ చేస్తే చాలు. మామూలు యంత్రాలున్న దేశం కూడా లైసెన్స్ తీసుకుని సొంతంగా చేసుకోవచ్చు. కాగితం మీద ఇంతకంటే మంచి ఎగుమతి రైఫిల్ ఉండదు.

ఏమైంది? ఏ దేశమూ దాన్ని తన ప్రధాన రైఫిల్‌గా తీసుకోలేదు. అమెరికా సైన్యం పరీక్షించి పక్కన పెట్టింది. దాంతో మిగతావాళ్లకి అనుమానం. జపాన్‌లో హోవా కంపెనీ కొన్ని తయారుచేస్తే, యుద్ధంలో ఉన్న దేశాలకి అమ్మకూడదని అక్కడి ప్రభుత్వం అడ్డు పడింది. యుద్ధంలో ఉన్నవాళ్లకి తప్ప రైఫిల్ అర్జెంటుగా ఎవరికి కావాలి? తర్వాత ఇంగ్లండ్‌లో స్టెర్లింగ్ చేసింది, అక్కడా పెద్దగా నడవలేదు. చివరికి దానికి పేరొచ్చింది ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటన్ మీద పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్ఏ చేతుల్లో. అమ్మినవాళ్లు కోరుకున్న పేరు మాత్రం కాదు.

అయితే దాని లోపలి గ్యాస్ పిస్టన్ ఏర్పాటు (పేలిన తూటా వాయువుతో తర్వాతి తూటాని ఎక్కించే పద్ధతి) ఎక్కడెక్కడ తేలిందో చూడండి: బ్రిటన్ ఎస్ఏ80, జర్మనీ జీ36, సింగపూర్ ఎస్ఏఆర్-80. అంటే డిజైన్‌లో దమ్ముంది, వెనక సైన్యం లేదు. నా ఓటు సగం ముడిసరుకు గారికే.

దస్తావేజు:
పాతరేకు అన్నా, సింగపూర్ పేరు ఎత్తి అసలు సంగతి వదిలేశావు. వాళ్లు ముందు కోల్ట్ లైసెన్స్‌తో ఎం16 తయారుచేసేవాళ్లు. ఫ్యాక్టరీ సొంతం, కానీ బయటికి అమ్మాలంటే అమెరికా వైపు నుంచి అనుమతి కావాలి. సొంత సైన్యానికి సరిపడా చేశాక ఫ్యాక్టరీ ఖాళీగా కూర్చోవాలా? అందుకే స్టెర్లింగ్ సాయంతో ఎస్ఏఆర్-80 చేసుకున్నారు. దాన్నీ వాళ్ల సైన్యం ప్రధాన రైఫిల్‌గా తీసుకోలేదు, ఎం16తోనే నడిపించింది. కానీ యుగోస్లావియా విడిపోయే యుద్ధంలో క్రొయేషియా చేతుల్లో అది కనిపించింది. తూటాకి, సంతకానికి మధ్య సంబంధం ఇదీ. రైఫిల్ ఎంత మంచిదన్నది ఒక ఎత్తు, దాన్ని ఎవరి సంతకం లేకుండా తయారుచేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నది ఇంకో ఎత్తు.

పశ్చిమ జర్మనీకీ ఇదే దెబ్బ తగిలింది. జీ1 పేరుతో ఫాల్ కొన్నారు, నచ్చింది, మేమే తయారుచేసుకుంటాం లైసెన్స్ ఇవ్వండి అన్నారు. బెల్జియం ఒప్పుకోలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆక్రమణ చూసిన దేశం ఆలోచించడంలో వింతేమీ లేదు. జర్మన్లు స్పెయిన్ వాళ్ల సెట్మే రైఫిల్ పట్టుకుని దాన్ని జీ3గా మార్చుకున్నారు. ఇవ్వనన్న ఒక్క మాట ఎఫ్ఎన్‌కి పెద్ద పోటీదారుణ్ణి తయారుచేసింది.

ముడిసరుకు:
దస్తావేజు గారూ, మీరు చర్చని లైసెన్స్ వైపు లాగుతున్నారు. నా ప్రశ్న నాణ్యత, సర్వీసు గురించి. లైసెన్స్ లేని చిన్న దేశం పదివేలు కొనుక్కుంటే దాని గతి ఏంటి?

దస్తావేజు:
గతి ఒప్పందం రాసిన చేతిలో ఉంటుంది. ఒక్క ఉదాహరణ. 1887లో ఒట్టోమన్ టర్కీ జర్మన్ కంపెనీ మౌజర్‌కి ఐదు లక్షలకు పైగా రైఫిళ్ల ఆర్డర్ ఇచ్చింది. అవి పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు తూటావి. ఒప్పందంలో ఒక షరతు పెట్టారు: ఈలోపు మౌజర్ ఇంకా మెరుగైన రైఫిల్ చేస్తే, మిగిలిన ఆర్డర్ ఆ కొత్త దాంట్లోనే ఇవ్వాలి. కొద్ది కాలానికే పొగ రాని మందు వచ్చి పాతవన్నీ వెనకబడ్డాయి. టర్కీ ఆ షరతు చూపించి మిగతావి 7.65 ఎంఎం కొత్త మోడల్‌లో తీసుకుంది. కొన్నవాడు ఫ్యాక్టరీని కదిలించిన తీరు అది. సొంత సైన్యం వాడుతుందా లేదా అని టర్కీ అడగనక్కర్లేకపోయింది.

కాగితప్పులి:
అన్నీ కొనేవాడి కోణమే. కొన్న రైఫిల్ ఎక్కడ తేలుతుంది అన్న దాని గురించి ఎవరూ మాట్లాడరేం? హెక్లర్ అండ్ కాక్ జీ36లు మెక్సికోలో అనుమతి లేని రాష్ట్రాలకి చేరాయని 2019లో స్టుట్‌గార్ట్ కోర్టు ఆ కంపెనీకి 37 లక్షల యూరోల జరిమానా వేసింది. ఆయుధం చివరికి ఎవరు వాడతారో రాసిచ్చే తుది వినియోగదారు పత్రాలన్నీ ఫైల్లో ఉన్నాయి, తుపాకులు మాత్రం ఇంకెక్కడో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆయుధ వాణిజ్య ఒప్పందం 2014లో అమల్లోకి వచ్చింది. దాని మీద సంతకం పెట్టినవాళ్లు కూడా ఇలాంటి పత్రాలనే నమ్ముకోవాలి. ఎగుమతి రైఫిల్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

బిగుతుబోల్టు:
కాగితప్పులి గారూ, జీ36 జర్మన్ సైన్యం వాడిన రైఫిలే. కాబట్టి మీ బాధ న్యాయమే అయినా ఈ ప్రశ్నకి అది అడ్డం రాదు. సొంత సైన్యపు రైఫిల్ కూడా అలాగే దారి తప్పుతుంది.

ముడిసరుకు గారి పదివేల దేశానికి నా జవాబు ఇజ్రాయెల్ రైఫిల్ గలీల్ ఏస్. ఫాల్ ఇసుకలో మొరాయించాక ఇజ్రాయెల్ గలీల్ చేసుకుంది, 1972లో తీసుకుంది. ఈలోపు అమెరికా సాయంలో ఎం16లు చవగ్గా వచ్చేసరికి సొంత గలీల్ వెనక్కి పోయింది. దాని వారసుడు ఏస్ దాదాపుగా బయటివాళ్ల కోసమే. కొలంబియాలో ప్రభుత్వ కంపెనీ ఇందుమిల్ తయారుచేస్తోంది. వియత్నాం వాళ్లు 7.62×39లో సొంత ఫ్యాక్టరీలో చేసుకుంటున్నారు, తూటాలు, మ్యాగజైన్లు పాత ఏకేలవే సరిపోతాయి. అక్కడితో ఆగకుండా దాని మీద సొంత ఎస్‌టీవీ రైఫిళ్ల వరుస కూడా మొదలుపెట్టారు. ఇజ్రాయెల్ సైనికుడి భుజాన ఏస్ లేకపోతే హనోయికి వచ్చిన నష్టం ఏంటో చెప్పండి.

ముడిసరుకు:
వియత్నాం చేసుకోగలదు, ఆ యంత్రాలు, ఆ మనుషులు వాళ్ల దగ్గర ఉన్నారు. పెట్టెల్లో వచ్చిన రైఫిళ్లు తప్ప ఏమీ లేని దేశానికి మాత్రం నేను తయారీ సైన్యం వాడేదే కొనమని చెప్తాను. కనీసం విడిభాగాలు చేసే లైను ఆగదు.

పాతరేకు:
లైను ఆగకపోయినా విడిభాగం సరిపోవాలిగా. ఫాల్‌లో మిల్లీమీటర్ల కొలత మ్యాగజైన్ బ్రిటిష్ అంగుళాల ఫాల్‌లో ఎలాగోలా పడుతుంది, అటుది ఇటు పట్టదు. పెట్టెల్లో కొనేవాళ్లు ముందు అడగాల్సింది ఈ కొలతల గురించి.