నెగటివ్‌లో అంచు రంధ్రాల దగ్గర నల్లటి చారలు: ఎలా పోగొట్టాలి?

35 ఎంఎం కెమెరా ఫిల్మ్ రీళ్లు ఇంట్లోనే రసాయనాలతో కడుగుతున్నాను. వరుసగా మూడు రీళ్లలో ఒకటే సమస్య: అంచు రంధ్రాల నుంచి ఫ్రేము లోపలికి 3, 4 మిల్లీమీటర్ల మేర నల్లటి చారలు. రంధ్రానికొకటి. ఆకాశం, సముద్రం ఉన్నచోటే కనబడతాయి. జనం, చెట్లు నిండిన ఫ్రేముల్లో వెతికినా దొరకవు.

ఫిల్మ్ హెచ్‌పీ5 ప్లస్ (నలుపు-తెలుపు), దాని అసలు స్పీడు 400కే తీశాను. డెవలపర్ (బొమ్మను తేల్చే రసాయనం) డీ-76, నీళ్లతో 1:1 కలిపి, 20 డిగ్రీలు, 11 నిమిషాలు. (విశాఖలో ఎండాకాలం కుళాయి నీళ్లు వేడిగా వస్తాయి, ఐసు గిన్నెలో పెట్టి చల్లబరుస్తున్నాను.) రెండు స్పైరళ్లు (ఫిల్మ్ చుట్టే చట్రాలు) పట్టే ప్లాస్టిక్ ట్యాంకులో ఒక్కటే పెట్టి 300 మి.లీ. పోస్తాను. మొదటి 30 సెకన్లు, తర్వాత నిమిషానికి 10 సెకన్లు తలకిందులుగా తిప్పుతాను.

కెమెరాలోకి వెలుతురు దూరుతోందేమోనని రెండో రీలు వేరే కెమెరాతో తీశాను. అవే చారలు. మూడోదానికి నిమిషానికి 5 సెకన్లే, మెల్లగా తిప్పాను. చారలు తగ్గాయి గానీ పోలేదు, పైగా నెగటివ్ పలచబడింది (బొమ్మ తగినంత నల్లగా రాలేదు).

రీలుకు ఉన్నవే 36 ఫ్రేములు. ప్రతిదానికీ ఆగి, వెలుతురు చూసుకుని నొక్కుతాను. అవి ఇలా పాడవుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఈ చారలు పోగొట్టుకున్నవారు చెప్పండి: తిప్పే తీరే మార్చాలా, లేక 300 మి.లీ. బదులు ట్యాంకులో ఇంకా ఎక్కువ పోయాలా?