వైజాగ్ నుంచి దుబాయ్: గాల్లో అసలు ఎంతసేపు?

అందరికీ నమస్కారం. మాది గోపాలపట్నం. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే విమానాలు నెత్తిమీదే వెళ్తాయి గానీ, మా అమ్మ ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదు. వచ్చే నెల తమ్ముడి దగ్గరికి దుబాయ్ వెళ్తోంది. ఒక్కతే, హైదరాబాద్‌లో మారి.

టికెట్ చూశాక ఇంట్లో పంచాయితీ మొదలైంది. హైదరాబాద్‌లో పదింటికి బయల్దేరి దుబాయ్‌లో పన్నెండున్నరకు దిగుతుందని ఉంది. "రెండున్నర గంటలే, రాజమండ్రి వెళ్లినంత" అని నాన్న తేల్చేశారు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక కదా, అంటే నాలుగు గంటలని నేను. దూరమే దాదాపు 2,550 కిలోమీటర్లు మరి! ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

నా టెన్షన్ మొదటి విమానం గురించి. వైజాగ్–హైదరాబాద్ రోడ్డు మీద 600 కిలోమీటర్లు దాటుతుంది, గాల్లో సుమారు 510. విమానం గంటకు 800 పోతుందంటారు, మరి గంటా ఇరవై నిమిషాలు ఎందుకు వేశారు? రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, పైకి లేవడం, దిగడం అన్నీ కలిపేనా?

హైదరాబాద్‌లో మధ్యలో రెండు గంటల పది నిమిషాలే ఉంది. రెండూ ఒకే బుకింగ్. ఇమిగ్రేషన్‌కి, సెక్యూరిటీకి అది సరిపోతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. వీల్‌చైర్ అడిగితే రెండో విమానం దాకా ఎవరైనా దగ్గరుండి తీసుకెళ్తారా? ఈమధ్య ఇలా వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

అన్నట్టు, ఆవకాయ సీసాకి అప్పుడే మూడు కవర్లు చుట్టేసింది. చేతి సంచిలోనే పెట్టుకుంటానని పట్టు. పెద్ద బ్యాగులో వేయమని మీరైనా చెప్పండి, నా మాట వినట్లేదు.