'ఓకే'ని విడదీస్తే ఏమొస్తుంది?

— నిన్న మా పాప అడిగింది, ఓకేలో ఓ అంటే ఏంటి, కే అంటే ఏంటి అని. రోజుకి వందసార్లు అనే మాటే, చెప్పలేకపోయాను. యుద్ధంలో ఎవరూ చనిపోని రోజున బోర్డు మీద 'జీరో కిల్డ్' అని రాసేవారట, అదే ఓకే అయిందని ఒక ఫార్వర్డ్ వచ్చింది. నిజమేనా అండీ?

— కథ బాగానే ఉంది గానీ నిలబడదండీ. దాన్ని అమెరికా అంతర్యుద్ధానికి ముడిపెడతారు. ఆ యుద్ధం మొదలైంది 1861లో. ఓకే అంతకు 22 ఏళ్ళ ముందే, 1839 మార్చి 23న, 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలో అచ్చయింది. పక్కనే అర్థం కూడా ఇచ్చారు: 'ఆల్ కరెక్ట్' అని.

మరి ఏ, సీ రావాలి కదా అంటారేమో. తమాషా అంతా అక్కడే. అప్పట్లో అక్కడి పత్రికలవాళ్ళకి కావాలని తప్పు స్పెల్లింగు రాసి, దాన్ని పొడి అక్షరాలకి కుదించే సరదా ఉండేది. 'ఆల్'ని ఓతో, 'కరెక్ట్'ని కేతో మొదలుపెట్టారు. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో రెండక్షరాలూ తప్పే! 'ఆల్ రైట్'ని కూడా ఇలాగే 'ఓడబ్ల్యూ' చేశారు గానీ అది ఎప్పుడో పోయింది.

ఓకేని బతికించింది 1840 ఎన్నికలు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్. ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవారు, ఆయన మనుషులు ఓకే క్లబ్బు పెట్టారు. ఆయన ఓడిపోయినా మాట జనం నోట్లో ఉండిపోయింది. ఇదంతా 1960లలో పాత పత్రికలు తిరగేసి బయటపెట్టినవాడు భాషా పరిశోధకుడు అలెన్ వాకర్ రీడ్. అమెరికా ఆదివాసుల చోక్టా భాష నుంచి వచ్చిందనే వాదమూ ఉంది, అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ అదే నమ్మేవాడు. నా ఓటు మాత్రం అచ్చులో దొరికినదానికే.

— మనకి 'సరే' ఉండగా ఇదెందుకో!

— రెండూ ఒకటి కాదండీ. "ప్లాన్ ఓకే అయింది" అంటాం, "సరే అయింది" అనం. పాట ఎలా ఉందంటే "ఆఁ, ఓకే" అంటాం, అంటే అంత గొప్పగా లేదని. అక్కడ 'సరే' అంటే అసలు జవాబే కాదు. అలాగే 'సరేలే'లో ఉన్న విసుగు ఓకేకి రాదు. చాట్‌లో ఒంటి 'కే' పంపితే మాత్రం, కోపమొచ్చిందేమోనని అవతలివాళ్ళకి టెన్షన్.

— పాపకి చెప్పానండీ, తప్పు స్పెల్లింగు నుంచి పుట్టిందని. "మరి డిక్టేషన్‌లో నాకెందుకు మార్కులు కోశారు?" అంటోంది.