పీపుల్, పర్సన్స్, పీపుల్స్: ఎక్కడ ఏది వాడాలి?

నమస్కారం. ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘పీపుల్’ అనే మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్లూ అది ‘పర్సన్’కు బహువచనం మాత్రమే అనుకున్నాను. అందుకే వ్యాసంలో ‘పీపుల్స్’ కనబడగానే అచ్చుతప్పు అనుకుని చివరి ఎస్ కొట్టేశాను కూడా. తీరా చూస్తే 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ మొదలయ్యేదే ఆ ‘పీపుల్స్’తో! 1787లో రాసిన అమెరికా రాజ్యాంగ పీఠికలో మాత్రం ఎస్ లేదు.

ఒక జాతిని మొత్తంగా చెప్పేటప్పుడు ‘ఎ పీపుల్’ అని ఏకవచనంగా వాడవచ్చని, అలాంటివి అనేకమైతే ‘పీపుల్స్’ అవుతుందని నిఘంటువు చూశాక తెలిసింది. తెలుగులోకి తెచ్చేసరికే చిక్కంతా. ‘ప్రజలు’ ఇప్పటికే బహువచనం, దానికి ఇంకో ‘లు’ ఎక్కడ తగిలించను? ‘జాతులు’ అంటే ‘రేసెస్’ అనే అర్థం వస్తుందేమోనని జంకు. ‘జనసమూహాలు’ అంటే సభకు వచ్చిన గుంపులే కళ్ల ముందు మెదులుతున్నాయి. మీరైతే ఏం రాస్తారు?

ఇంకొకటి. లిఫ్టులో ‘సిక్స్ పర్సన్స్’ అని రాసి ఉంటుంది, మాటల్లో అందరూ ‘సిక్స్ పీపుల్’ అంటారు. ‘పర్సన్స్’ చట్టాలకూ నోటీసులకూ పరిమితమా? మామూలు రచనలో కృతకంగా ఉంటుందా? పర్యాయపదంగా ‘ఫోక్’ పెడితే మరీ చనువుగా వినిపిస్తుందా? అనువాదంలో అనుభవం ఉన్నవారు ఒక్కోదానికి ఒక ఉదాహరణ వాక్యం రాసినా చాలు.