హైస్కూలు నాటిక పోటీల్లో ‘ఉత్తమ నటుడు’ బహుమతి ఎత్తేయాలా?

తెర వెనక మనిషి:

ఈ మధ్య మన వైజాగ్‌లో హైస్కూలు పిల్లలకి రాష్ట్రస్థాయి నాటిక పోటీలు జరిగాయి. లైటింగ్ చూసుకోడానికి ఒక స్కూలు టీముతో నేనూ వెళ్లాను. నాటికలు బాగానే ఆడారు, నాకు నచ్చనిదల్లా బహుమతుల కార్యక్రమం. మొదటి, రెండు, మూడు ఉత్తమ ప్రదర్శనలు అయ్యాక ఇక మొదలు: ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ హాస్యనటుడు, ఉత్తమ ప్రతినాయకుడు, సహాయ నటుడు... పెద్దవాళ్ల నాటక పరిషత్తు పోటీల్లో ఏ లిస్టు చదువుతారో అదే లిస్టు, ఒక్క అక్షరం మారకుండా. తొమ్మిదో తరగతి కుర్రాడికి ఉత్తమ విలన్ షీల్డు ఎందుకండీ? ఒక్కో టీములోంచి ఒకడు లేచి స్టేజీ ఎక్కుతుంటే మిగతావాళ్లు అయిష్టంగా చప్పట్లు కొట్టడం కళ్లారా చూశాను. సెట్ మోసినవాడు, సరైన టైముకి మ్యూజిక్ వేసిన అమ్మాయి, సైడ్ వింగ్‌లో స్క్రిప్టు పట్టుకుని నాటిక అయ్యేదాకా నిలబడి ప్రామ్టింగ్ చేసిన (డైలాగు మర్చిపోతే అందించిన) పిల్ల, వీళ్ల పేర్లు ఎవరూ పలకలేదు.

నా మటుకు నాకు హైస్కూలు స్థాయిలో వ్యక్తిగత నటన బహుమతులు ఉండకూడదు. టీముకి ఇవ్వండి చాలు. ఆ మిగిలిన టైములో జడ్జిలు పిల్లలతో కూర్చుని ఏది బాగుందో, ఏది కుదర్లేదో చెప్తే అది పదేళ్లు గుర్తుంటుంది. ఏమంటారు?

పెందుర్తి మాస్టారు:

అయ్యా, మీరు లైట్లు వేసి ఇంటికెళ్లిపోతారు, ఆ పిల్లల్ని రిహార్సల్‌కి తెచ్చేది మేము. పదో తరగతి పిల్లాణ్ణి సాయంత్రం స్టడీ అవర్ మాన్పించి నాటకానికి పంపమంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? హెడ్మాస్టరు దగ్గర గది తాళం అడగడానికే సగం ప్రాణం పోతుంది. కిందటేడు మావాడికి హాస్యనటుడు బహుమతి వచ్చి, పేపర్లో జిల్లా ఎడిషన్‌లో ఫోటో పడింది కాబట్టి ఈ ఏడాది అడక్కుండానే గది ఇచ్చారు. ‘టీముకి షీల్డ్’ అంటే అది హెడ్మాస్టరు గదిలో బీరువా ఎక్కుతుంది, పిల్లాడింటికి ఏం వెళ్తుంది? 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పెట్టిన దగ్గర్నుంచీ మన నాటకం పోటీలమీదే బతికింది. ఆ పోటీలే లేకపోతే ఊళ్లలో ఆ మాత్రం నాటకమూ మిగిలేది కాదు.

గాజువాక అమ్మ:

ఈసారి పోటీల్లో మా పాపకి బహుమతి వచ్చింది, అందుకే చెప్తున్నాను, పక్షపాతం అనుకున్నా సరే. ఆడపిల్లని నాటకాలకి పంపిస్తావా అని నెలంతా సణిగిన మా అత్తగారు ఇప్పుడు ఆ షీల్డు తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టించారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. టీముకి ఇచ్చి ఉంటే ఈ మార్పు వచ్చేదా? అయితే ఒక్క మాట. దానికి ఎందుకు ఇచ్చారో మాకు తెలీదు. ఎవరినైనా అడుగుదామంటే జడ్జిలు అప్పటికే కారెక్కేశారు. మార్కుల కాగితం పిల్లల చేతికిస్తే పోయేదేముంది?

కొచ్చిలో కొన్నాళ్లు:

ఉద్యోగరీత్యా కేరళలో ఉన్నాను, అక్కడి సంగతి చెప్తాను. వాళ్ల స్కూల్ కలోత్సవం, అంటే బడిపిల్లల రాష్ట్రస్థాయి కళల పోటీలు, 1957 నుంచి నడుస్తోంది. వ్యక్తిగతంగా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న అమ్మాయికి కలాతిలకం, అబ్బాయికి కలాప్రతిభ అని బిరుదులు ఇచ్చేవాళ్లు. వాటికోసం తల్లిదండ్రుల మధ్య పోటీ శృతిమించి, చివరికి 2006లో ఆ బిరుదులు ఎత్తేసి గ్రేడ్లకి వెళ్లారు. ‘ఏ’ గ్రేడుకి 5 పాయింట్లు, ‘బీ’కి 3, ‘సీ’కి 1. ఎక్కువ పాయింట్లు వచ్చిన జిల్లాకి 117.5 సవర్ల బంగారు కప్పు.

మరి గొడవలు తగ్గాయా? ఏం తగ్గలేదు. గ్రేడు వస్తే పరీక్షల్లో గ్రేస్ మార్కులు కలుస్తాయి కాబట్టి జిల్లా స్థాయిలో ఓడినవాళ్లు అప్పీలు చేస్తారు, కోర్టుకి కూడా వెళ్తారు. కాబట్టి బిరుదు తీసేస్తే పిల్లలందరూ అన్నదమ్ముల్లా కలిసిపోతారనుకోకండి. మార్కులు, సీట్లు ముడిపెట్టినంతకాలం పోటీ వేరే తలుపు నుంచి వస్తుంది. అయితే, అక్కడ నాటకాలు చూడ్డానికి మామూలు జనం వస్తారు, పేపర్లలో పేజీలకి పేజీలు వేస్తారు, ఒక జిల్లా మొత్తం మన టీము అనుకుంటుంది. ఇక్కడ హాల్లో కూర్చున్నది తర్వాత ఆడబోయే టీమూ, ఇప్పుడే ఆడి దిగిన టీమూ.

తెర వెనక మనిషి:

గ్రేస్ మార్కుల సంగతి నిజమే గానీ, మన దగ్గర నాటికకి మార్కులు కలపరుగా. మనకి ఆ బాధ లేనప్పుడు ఎత్తేయడం ఇంకా తేలిక కదా? మాస్టారి మాటకి జవాబు: ఫోటో పేపర్లో పడాలంటే టీము మొత్తం ఫోటో వెయ్యమనండి, పిల్లలందరి ఇళ్లల్లోనూ ఆ పేపరు దాచుకుంటారు.

మధురవాడ కుర్రాడు:

మా అక్క కూతురు టెక్సస్‌లో హైస్కూలు, వాళ్ల స్కూలు ఏకాంకిక పోటీకి వెళ్లింది. ఆ పోటీ 1927 నుంచి ఉందట. రూల్స్ వింటే మనవాళ్లు పారిపోతారు. నాటిక 40 నిమిషాలు దాటకూడదు, సెట్ వేసుకోడానికి 7 నిమిషాలు, తీసేయడానికి 7. దాటితే టీము పోటీలోంచి అవుట్. అందుకని సెట్ మోసే పిల్లలు కూడా స్టాప్‌వాచ్ పెట్టుకుని రిహార్సల్ చేస్తారు. ఉత్తమ నటన బహుమతులు అక్కడా ఉన్నాయి అన్నా, మీకు నచ్చకపోయినా. కానీ మంచి టెక్నీషియన్‌కి కూడా బహుమతి ఉంది, అన్నిటికంటే ముఖ్యం, ఫలితాలు చెప్పాక జడ్జి ప్రతి టీముతోనూ విడిగా మాట్లాడాలి. అది రూలు, దయ కాదు. మా మేనకోడలు టీము ఓడిపోయింది, అయినా ఆ జడ్జి ‘నువ్వు వినేటప్పుడు కూడా నటిస్తున్నావు, అది తగ్గించు’ అన్న ముక్క ఇప్పటికీ చెప్తుంది.

అంటే నటుడికి బహుమతి తీసేయక్కర్లేదు, మిగతావి కలపొచ్చు.

ఆనందపురం నుంచి:

మీరంతా షీల్డ్ ఎవరికి ఇవ్వాలని కొట్టుకుంటున్నారు, అసలు ఎలా ఇస్తున్నారో అడగరేం? మా స్కూలు నాటిక మా ఊరి కథే. అందులో ముసలమ్మ మా ఉత్తరాంధ్ర యాసలో ‘బేగి రాయే గుంటా, పొద్దోయింది’ (తొందరగా రావే పిల్లా, పొద్దుపోయింది) అంటుంది. హాలంతా నవ్వింది. తర్వాత ఒక జడ్జిగారు మైకులో ‘ఉచ్చారణ మీద శ్రద్ధ పెట్టాలి’ అన్నారు. ఆ ముసలమ్మ వేసిన పిల్ల వాళ్ల నాయనమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్న మాట అది! పక్కనే విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడినప్పుడే జనం మాట్లాడుకునే భాష స్టేజీ ఎక్కేసింది, మనం ఇంకా మార్కులు కోస్తున్నాం. ఉత్తమ నటి ఎవరికైనా ఇచ్చుకోండి, ముందు జడ్జింగ్ కాగితంలో ఏమేం చూస్తారో పోటీకి ముందే చెప్పండి.

జడ్జి కుర్చీలోంచి:

స్కూలు పోటీలకి చాలాసార్లు జడ్జిగా కూర్చున్నాను, మీరు చెప్పిన పోటీకి మాత్రం కాదు. యాసకి మార్కులు కొయ్యడం తప్పే, అది పాత్రకి సరిపోతే పూర్తి మార్కులు వేయాలి. మిగతా విషయం వేరు. పొద్దున్న మొదలుపెడితే ఒకదాని వెనక ఒకటి నాటికలు, మధ్యలో భోజనానికి అరగంట ఇచ్చారంటే అదృష్టం. రాత్రయ్యేసరికి పాడేరు నుంచి వచ్చిన పిల్లల బస్సు డ్రైవరు హారన్ కొడుతుంటాడు. ఇక మాట్లాడే టైము ఎక్కడిది? ఆ టైమంతా సన్మానాలకి పోతుంది. ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగాలి, వచ్చాక శాలువాలు, తర్వాత ప్రసంగాలు, ఆయన చేతులమీదుగా షీల్డులు. వ్యక్తిగత బహుమతులు అన్ని ఎందుకు ఉంటాయో తెలుసా? ఒక్కో షీల్డుకి ఒక్కో దాత ఉంటాడు, ఆయన్ని స్టేజీ మీదకి పిలవాలి. ఒక బహుమతి తీసేస్తే ఒక దాత పోతాడు. నిర్వాహకుల బాధ అది, నటుడి గొప్పతనం కాదు.

గాజువాక అమ్మ:

ఇన్నాళ్లకి అసలు విషయం బయటపడింది.

తెర వెనక మనిషి:

అయితే దాత పేరు పోకుండానే పద్ధతి మార్చొచ్చు కదండీ. ‘ఉత్తమ ప్రతినాయకుడు’ షీల్డు ఇచ్చే దాతనే ‘ఉత్తమ రంగాలంకరణ’ ఇవ్వమనండి, ఇంకొకాయన్ని తెర వెనక పిల్లలకి ఇవ్వమనండి. దాతకి కావాల్సింది తన పేరు చదవడమే, విలన్ మీద ఆయనకేం ప్రత్యేక ప్రేమ ఉండదు. సన్మానాలు ఫలితాల తర్వాత పెట్టుకుంటే పిల్లలు బస్సెక్కొచ్చు. ఇది నిర్వాహకులకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను: మార్కుల కాగితం టీముకివ్వాలి, ప్రతి టీముతో జడ్జి పది నిమిషాలు మాట్లాడాలి, తెర వెనక పనికి బహుమతి ఉండాలి, యాస మీద మార్కులు కొయ్యకూడదు, నటుల బహుమతులు ఎత్తేయాలి.

పెందుర్తి మాస్టారు:

మొదటి నాలుగింటికీ నా సంతకం పెట్టుకోండి. ఆ ఐదోది ఉంటే మాత్రం నా పేరు రాయకండి. మావాడికి వచ్చే పోటీల్లో సహాయ నటుడు వస్తుందని ఆశ ఉంది, ఇప్పుడు నేనే ఆ బహుమతి తీసెయ్యమన్నానని వాళ్ల నాన్నకి తెలిస్తే రేపట్నుంచి రిహార్సల్‌కి పంపడు.

మధురవాడ కుర్రాడు:

ఐదోది విడిగా పెట్టండి అన్నా, దానిమీద వేరే చర్చ చేసుకుందాం. పోటీలకి అప్లికేషన్లు మొదలవకముందే ఉత్తరం అందాలి, ఒకసారి రూల్స్ అచ్చేస్తే ఇక మార్చరు.