డెబియన్ 13లో /టెంప్ ర్యామ్‌లోకి పోయింది: ఉంచుదామా, పీకేద్దామా?

రూట్‌బాబు: డెబియన్ లినక్స్ 12 నుంచి 13కి మారి రీబూట్ చేస్తే /టెంప్ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరు) ఇప్పుడు టెంప్‌ఎఫ్ఎస్, అంటే డిస్కు బదులు ర్యామ్‌లో ఉండే ఫైల్‌సిస్టమ్. ర్యామ్‌లో సగం దానికే. 4 జీబీ వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్)లో 2 జీబీ గోవిందా. పాత పద్ధతి (డిస్కు మీదే /టెంప్) కావాలంటే "సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టెంప్.మౌంట్" కొట్టి రీబూట్ చేయండి.

సుధ_సర్వర్: గోవిందా ఏంటండీ? సగం అన్నది గరిష్ఠ హద్దు, ముందే తీసి పక్కన పెట్టేది కాదు. ఫైలు రాస్తేనే ర్యామ్ ఖర్చవుతుంది. జాగా చూపే "డీఎఫ్" కమాండులో 2 జీబీ చూసి బెంబేలెత్తకండి, మెమరీ చూపే "ఫ్రీ"లో షేర్డ్ అనే గడి చూడండి.

లైట్‌బిల్లు: ఎస్ఎస్‌డీ అరుగుదల తగ్గుతుంది కదా.

రూట్‌బాబు: పెద్దగా తగ్గదు. ఎక్స్‌ట్4 (డిస్కు ఫైల్‌సిస్టమ్) అయినా రాసింది ముందు ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లోనే ఉంటుంది. ఇంకా డిస్కుకెక్కని మురికి పేజీలకు డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. ఆలోపే చెరిగిపోయే ఫైలు చాలావరకు డిస్కు మొహమే చూడదు. మరి లాభమేంటి సుధగారూ?

సుధ_సర్వర్: ఎఫ్‌సింక్, అంటే రాసింది డిస్కుకెక్కేదాకా ఆగమనే పిలుపు. డిస్కు మీద అది ఆగి, రాసి, తిరిగొస్తుంది. టెంప్‌ఎఫ్ఎస్‌లో చేసే పనే లేదు. వేలాది చిన్న ఫైళ్లు పుట్టి చచ్చే బిల్డుల్లో జర్నల్ (ఫైల్‌సిస్టమ్ మార్పుల చిట్టా) బరువు కూడా ఉండదు. ఒక్క జాగ్రత్త: ఈ మౌంట్‌ని పెట్టే సిస్టమ్‌డీ, ఇన్‌ఓడ్లకు (ఫైలుకొకటి చొప్పున ఉండే నమోదులకు) దాదాపు 10 లక్షల హద్దు పెడుతుంది. జాగా ఉన్నా "స్పేస్ లేదు" అంటే "డీఎఫ్ -ఐ" చూడండి.

పెన్నాతీరం: మధ్యలో ఒక మాట. అప్‌గ్రేడ్‌కి ముందు /టెంప్‌లో ఉన్నవి పోలేదు, కొత్త మౌంట్ కింద దాక్కున్నాయి. రూట్ ఫోల్డరు (/)ని /ఎంఎన్‌టీ మీద బైండ్ మౌంట్ చేసి (అక్కడ కూడా కనపడేలా తగిలించి) /ఎంఎన్‌టీ/టెంప్‌లో చూడండి.

రూట్‌బాబు: ఇన్‌ఓడ్ల పురాణం తర్వాత. నేనడిగేది ఇది: సార్ట్ కమాండు 1.5 జీబీ తాత్కాలిక ఫైళ్లు రాసిందనుకోండి. డిస్కు మీదైతే ఆ క్యాష్‌ని కెర్నల్ ఎప్పుడైనా వదిలేస్తుంది. ఇక్కడ వదలడం కుదరదు. మెమరీ చాలక ఓఓఎమ్ కిల్లర్ దిగి డేటాబేస్‌ని చంపుతుంది. చివరికి సార్ట్‌నే చంపినా ఫైళ్లు అలాగే ఉంటాయి, ఆ 1.5 జీబీ తిరిగి రాదు. దీనికి జవాబు చెప్పకుండా ఎఫ్‌సింక్ అంటారేంటి!

సుధ_సర్వర్: గొంతు తగ్గించండి. వదలలేకపోవడానికి ఇదేం ర్యామ్‌ఎఫ్ఎస్ (ర్యామ్ దాటి పోలేని రకం) కాదు. ఒత్తిడి పెరిగితే టెంప్‌ఎఫ్ఎస్ పేజీలు స్వాప్ (ర్యామ్‌కి తోడుగా డిస్కు మీద ఉంచే జాగా)లోకి పోతాయి. ఇది కూడా తెలియకుండా వాదనా?

రూట్‌బాబు: స్వాప్ ఉంటే కదా పోవడానికి! చాలా వీపీఎస్ ఇమేజిల్లో స్వాప్ సున్నా.

సుధ_సర్వర్: ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇంత రగడ ఉండేదా? స్వాప్ లేని పెట్టె మీద మీ భయం నిజమే. 2 జీబీ స్వాప్ ఫైలు వేసుకోండి: ఫాలొకేట్, సీహెచ్‌మోడ్ 600, ఎంకేస్వాప్, స్వాపాన్, చివర ఎఫ్‌స్టాబ్‌లో ఒక లైను.

రూట్‌బాబు: ర్యామ్‌లో పెట్టి, అక్కడ పట్టక మళ్లీ డిస్కులోకి తోయడానికి ఇంకో ఫైలా? తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం కాదా ఇది?

సుధ_సర్వర్: అన్నీ తొయ్యదు, చాలాసేపుగా ఎవరూ ముట్టనివే. సరే, స్వాప్ వద్దంటే హద్దు తగ్గించండి. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ టెంప్.మౌంట్"లో ఆప్షన్స్ లైను రాసి సైజు 512 ఎం పెట్టండి. సైజు ఒక్కటే రాస్తే పాత లైను మొత్తం కొట్టుకుపోతుంది, నోస్యూయిడ్, నోడెవ్ కూడా తిరిగి రాయాలి. పెద్ద పనులకు "సార్ట్ -టీ /వార్/టెంప్" (ఇంగ్లిష్ పెద్ద అక్షరం టీ; /వార్/టెంప్ డిస్కు మీదే ఉంటుంది), మిగతావాటికి తాత్కాలిక ఫోల్డరు ఏదో చెప్పే టెంప్‌డిర్ వేరియబుల్.

లైట్‌బిల్లు: టెంప్‌డిర్‌ని పట్టించుకోని ప్రోగ్రాములు బోలెడు 🙂

పెన్నాతీరం: 13ని కొత్తగా వేసినవాళ్లకు /వార్/టెంప్‌లో 30 రోజులు, /టెంప్‌లో 10 రోజులు దాటినవి తుడిచిపెడతారు. అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఆ తుడుపు లేదు.

రూట్‌బాబు: 512 ఎం సబబే. నిండితే రాసే ప్రోగ్రామే ఏడుస్తుంది, డేటాబేస్ జోలికి రాదు. అయినా స్వాప్ లేని సర్వర్ల మీద నేను మాస్కే కొడతాను.